‘ఫ్రీ సీటు’ వచ్చింది... మరి డబ్బులెవరు కట్టాలి?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అయిన రోజు ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ‘మావాడికి ఫ్రీ సీటొచ్చింది.’ అలాట్‌మెంట్ ఆర్డర్‌లో పేరు పక్కన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులని ఉంటుంది. దాన్ని చూసి అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది, నాయన మేస్త్రీకో, మిరప కొట్టు ఆయనకో ఫోన్ చేసి చెప్పుకుంటాడు. పదకొండేళ్ల కిందట మా ఇంట్లోనూ అదే జరిగింది. అందుకే ఈ మాట మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ సీటు ఫ్రీ కాదు. ప్రభుత్వం ‘తర్వాత ఇస్తాం’ అని చెప్పిన సీటు అది. ‘తర్వాత’ అనే మాటకు, కాలేజీ అకౌంట్స్ కౌంటర్ దగ్గర క్లర్క్ అడిగే ‘ఇప్పుడు’ అనే మాటకు మధ్య ఉన్న ఖాళీలోనే మన మెట్ట ప్రాంతపు పిల్లలు అప్పుల పాలవుతున్నారు.

నేను 2014లో బీటెక్‌లో చేరాను. ఆ రోజుల్లో బీసీ పిల్లలకు ఈఏపీసెట్ (అప్పటికి ఎంసెట్) ర్యాంకు పది వేలు దాటితే ప్రభుత్వం 35 వేలే ఇచ్చేది, ఆపైన ఎంతున్నా మనదే. ఆ తేడాను, హాస్టల్ ఖర్చును నాయన ఊళ్లోనే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంతకుముందు ఒక బ్యాంకుకు వెళ్లాం. ‘మీ ఊరు మా సర్వీస్ ఏరియాలో లేదు’ అన్నారు. సరేలెమ్మని తిరిగొచ్చాం. ఆ మాటకు ఎదురు చెప్పొచ్చని మాకు తెలియదు. ఫైనలియర్ అయిపోయాక ప్రభుత్వం నుంచి చివరి విడత రాలేదని కాలేజీ నా ప్రొవిజినల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు ఆపింది. అవతల కంపెనీ జాయినింగ్ తేదీ ఇచ్చింది. అమ్మ మెడలోది కుదవబెట్టి కట్టాం. తర్వాత ఆ విడత వచ్చింది, కానీ మా డబ్బు మాకు వెనక్కి రావడానికి మరో ఏడెనిమిది నెలలు పట్టింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అలా చేసేది ఒక్క కాలేజీ అయితే పేరు రాసేవాణ్ణేమో.

ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతే చూద్దాం, ఎందుకంటే మన దగ్గర నూటికి తొంభై ఇళ్లు దాని మీదే ఆధారపడ్డాయి. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2019 తర్వాత ‘జగనన్న విద్యాదీవెన’ అయింది, పరిమితి తీసేసి పూర్తి ఫీజు అన్నారు, డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే పాత పేరుకు వచ్చింది. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజు, ఎంటీఎఫ్ అంటే హాస్టల్, భోజనం ఖర్చు. డబ్బు నేరుగా కాలేజీకే అన్నారు. పేరు మారింది, ఖాతా మారింది. మారనిది ఆలస్యం. విడతలు పేరుకుపోవడం ఏ పార్టీ ప్రభుత్వంలోనూ కొత్త కాదు, దీన్ని రాజకీయం చేసి చదవొద్దు. ఎవరు అధికారంలో ఉన్నా మీరు వేసుకునే లెక్కలో ‘ఆలస్యం’ అనే గడి ఒకటి ఉండాలి, అంతే.

అర్హతల్లో మనవాళ్లు పొరపడేది భూమి దగ్గర. మర్రిపాడులోనో, సీతారామపురంలోనో పదిహేనెకరాల మెట్ట ఉన్న రైతు ‘మాకు రాదులే’ అనుకుని అప్లై చేయడు. విద్యాదీవెన కాలంలో పెట్టిన నిబంధన ప్రకారం మాగాణి అయితే పదెకరాలు, మెట్ట అయితే పాతికెకరాలు, రెండూ కలిసినా పాతిక దాటకూడదు. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు. ట్రాక్టర్, ఆటో, ట్యాక్సీ ఉంటే అడ్డు కాదు, సొంత కారైతే అడ్డు. హాజరు 75 శాతం. వీటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి: సీటు కన్వీనర్ కోటాలో రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు ఇది వర్తించదు. ‘బీ కేటగిరీలో చేరండి, రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం’ అని జూన్‌లో ఊళ్లమ్మట తిరిగే పీఆర్వోలు ఉంటారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయండి.

ఇంకో గుంట పీజీ దగ్గరుంది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో ఎంబీఏ, ఎంసీఏ లాంటి పీజీలకు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. డిగ్రీలో వచ్చింది కదా, పీజీలోనూ వస్తుందనుకుని చేరి ఇరుక్కున్నవాళ్లు నాకు తెలుసు. చేరబోయే ముందు ‘ఈ ఏడాది మా కోర్సుకు వర్తిస్తుందా’ అని కాలేజీని కాదు, మీ సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను అడగండి. ఆ ఉద్యోగం ఉన్నదే అందుకు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన విషయం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి పండక్కి ఊరొస్తే పిల్లలు ఫోన్లు పట్టుకుని వస్తారు: ‘అన్నా, జ్ఞానభూమిలో పెండింగ్ అని చూపిస్తోంది, ఏందిది?’ అని. నేను చూసిన వాటిలో అర్హత లేక ఆగినవి తక్కువ, పేర్ల దగ్గర ఆగినవి ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఉండదు. మనిషికి అది ఒకే అమ్మాయని తెలుస్తుంది, కంప్యూటర్‌కు ముగ్గురు అమ్మాయిలు. ఉదయగిరిలో ముస్లిం ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ‘షేక్’ ఒక కాగితంలో పేరుకు ముందు, ఒక కాగితంలో వెనక, ఇంకోదాంట్లో ‘ఎస్‌కే’ అని. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలోనే ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపోయేలా సరిదిద్దించుకోండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక ఆధార్ సెంటర్ల దగ్గర నిలబడటానికి చోటు ఉండదు.

రెండోది బ్యాంకు లింకు. ‘నా అకౌంట్‌కు ఆధార్ ఇచ్చానన్నా’ అంటారు. ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐలో మ్యాప్ అవ్వడం వేరు. ప్రభుత్వం ఆధార్ నంబర్ మీద డబ్బు వేస్తే అది ఏ ఖాతాకు పోవాలో చెప్పేది ఆ మ్యాపింగే. చివరిగా ఏ బ్యాంకులో లింక్ చేయిస్తే అక్కడికే పోతుంది. నిరుడు ఎవరో కాలేజీకి వచ్చి జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిపించి ఉంటారు, మీరు సంతకం పెట్టి మర్చిపోయి ఉంటారు. డబ్బు అందులో పడి ఉంటుంది, మీరు రాలేదని తిరుగుతుంటారు. మూడోది ఫోన్ నంబర్. రీచార్జ్ చేయక పోయిన నంబర్‌కే ఓటీపీ వెళ్తుంటుంది. చదువు అయ్యేదాకా ఒక్క నంబర్‌ను బతికించుకోండి, అది ఇంట్లో అమ్మ దగ్గర ఉండే నంబర్ అయితే మరీ మంచిది. ఇంకా, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అన్న పేరు మీ ఇంటి మ్యాపింగ్‌లోనే ఉండి, అతను ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే, అక్కడా అప్లికేషన్ ఆగొచ్చు. వేరు కాపురం ఉన్నవాళ్లయితే ముందే సచివాలయంలో అడిగి చూసుకోండి.

ఇక హాస్టల్ ఖర్చు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు, రోజూ తిరిగి చదివే దూరం కాదు. ఉదయగిరిలోనే ఇంజినీరింగ్ కాలేజీగా ఉన్న మెరిట్స్‌ను 2022లో వ్యవసాయ విద్య కోసం ప్రభుత్వానికి ఇచ్చేశారు. మంచి పనే, కానీ బీటెక్ చేయాలంటే మాత్రం ఊరు వదలాల్సిందే. నెలకు ఐదు వేలు అనుకున్నా పది నెలలకు యాభై వేలు. వసతి దీవెన రోజుల్లో నిర్ణయించిన మొత్తం డిగ్రీ, ఆపై కోర్సులకు ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, ఐటీఐకి 10 వేలు. అది టైముకు వచ్చినా ముప్పై వేలు లోటే. పైగా అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది ఇదే. నన్నడిగితే దీన్ని లెక్కలోంచే తీసేయండి, వస్తే సంతోషం. ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలేజీ హాస్టళ్లలో సీటు దొరికితే నామోషీ పడకుండా చేరండి. ‘అక్కడ అన్నం బాగుండదు’ అనేవాళ్లెవరూ మీ అప్పుకు వడ్డీ కట్టరు.

అసలు అప్పు పరిమాణాన్నే తగ్గించే దారి ఒకటి మన ఊళ్లోనే ఉంది. దాన్ని మనం చిన్నచూపు చూస్తాం. ఆత్మకూరులో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి. కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి కట్టే రెండేళ్ల డబ్బు, బీటెక్ మొదటి ఏడాది ఫీజు రెండూ మిగులుతాయి. ఈసెట్ కన్వీనర్ సీటుకూ రీయింబర్స్‌మెంట్ ఉంది. నాతో పనిచేసేవాళ్లలో ఇలా వచ్చినవాళ్లు వైరింగ్ డయాగ్రామ్ చూడగానే అర్థం చేసుకుంటారు, మేం గూగుల్ చేస్తాం.

రెండున్నర లక్షల గీత దాటినవాళ్ల గోడు వేరు. ఆదాయ ధ్రువపత్రంలో మూడు లక్షలని పడితే ఇటు రీయింబర్స్‌మెంట్ రాదు, అటు చేతి నుంచి కట్టే స్థోమతా ఉండదు. వీళ్లు చూడాల్సింది కేంద్రం వైపు. ఏఐసీటీఈ వాళ్ల ‘ప్రగతి’ స్కాలర్‌షిప్ అమ్మాయిలకు. డిప్లొమా లేదా బీటెక్ మొదటి ఏడాదిలోనో, లేటరల్‌గా రెండో ఏడాదిలోనో చేరినవాళ్లకు, ఇంట్లో ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే ఏడాదికి 50 వేలు. ఒక ఇంటి నుంచి ఇద్దరమ్మాయిలదాకా అప్లై చేయొచ్చు. వికలాంగ విద్యార్థులకు ఇలాంటిదే ‘సక్షమ్’ ఉంది, తల్లిదండ్రులు లేని పిల్లలకు ‘స్వనాథ్’ ఉంది. బీఏ, బీకాం, బీఎస్సీ చదివేవాళ్లకు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: ఇంటర్ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. ఇవన్నీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ఆధార్ ముఖ గుర్తింపుతో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి.

అయితే రెండు మెలికలు. ఒకేసారి రెండు ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదన్న షరతు వీటిలో చాలావాటికి ఉంది, కాబట్టి రాష్ట్రం ఇచ్చేది, కేంద్రం ఇచ్చేది పక్కపక్కన పెట్టి లెక్కేసుకుని ఒకటి ఎంచుకోండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజే తక్కువ కాబట్టి అక్కడి లెక్క ఇంజినీరింగ్ లెక్కలా ఉండదు. రెండోది, మీరు సబ్మిట్ కొట్టినంత మాత్రాన పని అయిపోదు. కాలేజీలో నోడల్ ఆఫీసర్ లాగిన్ అయి మీ అప్లికేషన్‌ను వెరిఫై చేయాలి. గడువు రెండు మూడు రోజుల్లో ముగుస్తుందనగా కూడా ఆయన లాగిన్ కాకపోవచ్చు. అక్కడ మాత్రం సిగ్గుపడకుండా రోజూ వెళ్లి నిలబడాలి. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి అలా నాలుగు రోజులు స్టాఫ్ రూమ్ బయట నిలబడింది. ఐదో రోజు ఆయన విసుక్కుంటూనే క్లిక్ చేశాడు. ఆ విసుగు విలువ ఏడాదికి 50 వేలు.

ప్రైవేటు సంస్థలవీ ఉన్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, ఎంపికైనవాళ్లకు కోర్సు మొత్తానికి రెండు లక్షలదాకా ఇస్తుంది. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరే అమ్మాయిలకు కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ఉంది. ఇంట్లో పదో తరగతి పాసైన చెల్లో తమ్ముడో ఉంటే ‘విద్యాధన్’ చూడమనండి. పోటీ ఎక్కువే, దేశమంతా రాస్తారు. కానీ అప్లై చేయడానికి పైసా అడగరు. ‘స్కాలర్‌షిప్ సాంక్షన్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు 1,500 పంపండి’ అని ఎవరన్నా ఫోన్ చేస్తే అది మోసమే, ఆలోచించాల్సిన పని లేదు.

ఇంత చేసినా కొందరికి అప్పు తప్పదు. అప్పుడు ఎక్కడ తెస్తారన్నదే ప్రశ్న. మన మెట్టలో అలవాటు ప్రకారం ముందు వెళ్లేది వడ్డీ వ్యాపారి దగ్గరికి, ఎందుకంటే ఆయన ఫారం అడగడు. లెక్క చూడండి. నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే ఎనిమిది వేలు, అసలు ఎక్కడిదక్కడే. అదే నాలుగు లక్షలు పది శాతానికి బ్యాంకులో తీసుకుని పదేళ్లలో కట్టేలా పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు 5,300. అసలు, వడ్డీ అన్నీ కలిపి. అదీ చదువు అయిపోయిన ఏడాది తర్వాత మొదలవుతుంది. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు కూడా సుమారు రూపాయి వడ్డీకే పడుతుంది, చిన్న మొత్తాలకు అది నయం. ఫోన్‌లో పది నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్‌ల గురించి మాట్లాడటమే దండగ, వాటిని తీసేయండి.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ గురించి నాయనకు పద్దెనిమిదేళ్లప్పుడు నేను చెప్పలేకపోయినవి ఇప్పుడు మీకు చెప్తా. నాలుగు లక్షలదాకా ఆస్తి హామీ అడగకూడదు, ఇది రిజర్వ్ బ్యాంకు మాట. ‘మా సర్వీస్ ఏరియా కాదు’ అనే కారణంతో ఎడ్యుకేషన్ లోన్ తిరస్కరించకూడదని కూడా రిజర్వ్ బ్యాంకు 2012 నవంబరులోనే బ్యాంకులకు రాసింది. అంటే మమ్మల్ని వెనక్కి పంపిన రోజుకు అది రెండేళ్ల పాత సర్క్యులర్. లోన్ ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో కాగితం మీద రాసివ్వమని అడగండి. తిరస్కరణకు పై అధికారి సమ్మతి ఉండాలని బ్యాంకుల సంఘం మోడల్ స్కీమే చెప్తోంది.

వడ్డీ రాయితీ ఇంకా పెద్ద విషయం. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, న్యాక్ గుర్తింపున్న కాలేజీలోనో, ఎన్‌బీఏ గుర్తింపున్న కోర్సులోనో టెక్నికల్, ప్రొఫెషనల్ చదువులు చదివేవాళ్లకు పది లక్షల లోపు అప్పు మీద చదివే కాలం, ఆపై ఒక ఏడాది వడ్డీని కేంద్రమే భరిస్తుంది. దీన్ని ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో సీఎస్ఐఎస్ అంటారు. బ్యాంకుకు అప్లై చేసేటప్పుడే ఆదాయ ధ్రువపత్రం జతచేసి ఇది కావాలని అడగాలి. దీనికి తోడు 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మికి ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన మంచి ర్యాంకింగ్ ఉన్న సంస్థల్లో చేరితే హామీ, పూచీకత్తు లేకుండా అప్పు. ఏడున్నర లక్షలదాకా అప్పులో 75 శాతానికి కేంద్రం గ్యారంటీ. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు పది లక్షల అప్పుదాకా మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ. మొదట 860 సంస్థలు ఈ జాబితాలో ఉన్నాయి. మీ కాలేజీ ఉందో లేదో పోర్టల్‌లో చూశాకే వెబ్ ఆప్షన్లు పెట్టుకోండి. చేరాక చూడటం వల్ల లాభం లేదు. ర్యాంకు ఒకేలా ఉన్నప్పుడు నెల్లూరులో పక్కపక్కనున్న రెండు కాలేజీల మధ్య తేడా బిల్డింగ్ రంగులో ఉండదు, న్యాక్, ఎన్‌బీఏ కాగితాల్లో ఉంటుంది.

కో-అప్లికెంట్‌గా నాయన సంతకం పెట్టాలి కాబట్టి ఆయన క్రాప్ లోన్ బకాయి ఉంటే బ్యాంకు అది చూస్తుంది. పొగాకు ధర పడిపోయిన ఏడాది ఎన్ని ఇళ్లలో రెన్యూవల్ ఆగిపోయిందో మనకు తెలియంది కాదు. దాచిపెట్టి వెళ్లొద్దు. ముందే బ్రాంచిలో మాట్లాడి రెన్యూవల్ చేయించుకుని అప్పుడు వెళ్లండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఏ విడత ఏ నెలలో వస్తుందో విద్యా సంవత్సరం మొదట్లోనే తేదీలతో ప్రకటించాలి, తప్పితే తప్పిందని చెప్పాలి. ఫీజు బకాయి ప్రభుత్వానిదైనప్పుడు విద్యార్థి సర్టిఫికెట్‌ను తాకట్టు పెట్టుకునే కాలేజీల మీద చర్య ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది, ఏఐసీటీఈ నిబంధనల్లోనూ ఉంది. మీ కాలేజీ ఆపితే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ కాగితం లేకుండా పై వాళ్లకు ఫిర్యాదు చేసినా ఎవరూ కదలరు. ఇక బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్ మేళాలు పెట్టేది నెల్లూరులో కాదు, కౌన్సెలింగ్ జరిగే నెలలో ఆత్మకూరులో ఒక రోజు, ఉదయగిరిలో ఒక రోజు పెట్టాలి. బస్ స్టాండ్ దగ్గర ఒక టెంటు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక స్కానర్. అంతకుమించి ఖర్చేం లేదు.

మొన్న మర్రిపాడు వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బ్యాంకులో సర్వీస్ ఏరియా మాటే చెప్పారట. రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రింట్ తీసుకుని, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు వివరం, ఆదాయ ధ్రువపత్రం, ఇద్దరి పాన్ కార్డులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని మళ్లీ వెళ్లమన్నా. వెళ్లాడు. మేనేజర్ ఆ ప్రింట్‌ను రెండుసార్లు చదివి, ‘ఇది నాకివ్వు, జిరాక్స్ తీసుకుని ఇస్తా, కూర్చో’ అన్నాడట.